ఇరుకింట్లో ఇన్‌లైన్ కాపురం

మా నాన్న చదివింది ఐదో తరగతి. అయినా రోజూ పొద్దున్నే పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ టెండరు ప్రకటనల దాకా వదలకుండా చదువుతాడు. రానిది ఒక్క ఇంగ్లీషే. అందుకని పొలంలో బోరు మోటారుకి బిగించిన డబ్బా నుంచి మెసేజ్ వచ్చినప్పుడల్లా నాకు ఫోన్ చేసేవాడు. "ఏరా, పనిలో ఉన్నావా? అది మళ్ళీ ఏదో పంపించింది. ఆర్... పీ... హెచ్..." అంటూ ఒక్కో అక్షరం కూడబలుక్కుని చెప్పేవాడు. నేను మీటింగులోంచి బయటికొచ్చి, "ఒక ఫేజు రావట్లేదు నాన్నా, అందుకే మోటారు ఆపేసింది. మంచిదే, కాలిపోకుండా కాపాడింది" అని తర్జుమా చేసి పెట్టేవాణ్ణి.

ఇందులో తమాషా ఏంటంటే, ఆ డబ్బాలో నడిచే ఫర్మ్‌వేరు రాసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అంటే ఆ ఇంగ్లీషు ముక్కలు పంపిస్తున్నదీ నేనే, వాటిని తెలుగులోకి మార్చి చెబుతున్నదీ నేనే. సర్వరూ నేనే, క్లయింటూ నేనే :)

డబ్బా గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా ఊరు మార్కాపురం వైపు. బోర్లు లోతు, నీళ్ళు తక్కువ. త్రీ ఫేజు కరెంటు వచ్చే వేళలు మారుతుంటాయి. అది ఎప్పుడొస్తే అప్పుడు టార్చిలైటు పట్టుకుని పొలానికెళ్ళి, స్టార్టరు మీద పచ్చ మీట నొక్కి రావాలి. చీకట్లో పాముల సంగతీ, తడి చేతుల్తో స్టార్టరు ముట్టుకోవడం సంగతీ పల్లెటూరి వాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. మా డబ్బా ఆ స్టార్టరు పక్కన కూర్చుని, ఫోన్ కాల్ చేస్తేనో మెసేజ్ పెడితేనో మోటారు వేస్తుంది, ఆపుతుంది. నడుస్తుండగా మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది కానీ, మిగతా వాటి మీద భారం పడి వైండింగు కాలిపోతుంది. అలాంటప్పుడు డబ్బా వెంటనే ఆపేస్తుంది. బోర్లో నీళ్ళయిపోయి మోటారు ఒట్టిగా తిరుగుతుంటే, అది లాగే కరెంటు తగ్గడం చూసి అప్పుడూ ఆపేస్తుంది. ఎందుకు ఆపిందో మెసేజ్ పెడుతుంది.

లోపల ఉన్నది మాత్రం చిన్న ప్రాణం. కార్టెక్స్-ఎం0 కోర్ ఉన్న మైక్రోకంట్రోలరు, 48 మెగాహెర్ట్జ్ క్లాకు, 64 కిలోబైట్ల ఫ్లాష్, 8 కిలోబైట్ల ర్యామ్. ఆ ఫ్లాష్‌లో బూట్‌లోడరుకి 8, సెట్టింగులకీ లాగులకీ 4 పోగా, మా అప్లికేషనుకి మిగిలేది 52 కిలోబైట్లు. అంటే 53,248 బైట్లు. వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ గులాబీ బొమ్మ కూడా బహుశా ఇందులో పట్టదు.

పోయినేడాది కొత్త వెర్షను ప్లాన్ చేస్తున్నప్పుడు, మెసేజీలు తెలుగులో పెడదామని నేనే అన్నా. అందరూ సరే అన్నారు. మొత్తం 26 మెసేజీలు. తెలుగు ఎస్సెమ్మెస్‌కి 70 అక్షరాల హద్దు ఉంటుంది కాబట్టి ఒక్కోదాన్నీ 60 కోడ్ల దగ్గర ఆపా. వాటిని మోడెం అడిగే తీరులోనే, కోడుకి రెండు బైట్ల చొప్పున పెట్టా. మొత్తం 3,120 బైట్లు. బిల్డు కొట్టా. లింకరు ఏమందంటే, ఫ్లాష్ 2,312 బైట్లు పొంగిపోయింది అంది. ఎంబెడెడ్ పని చేసేవాళ్ళకి ఈ ఎర్రర్ చుట్టం లాంటిది. చెప్పకుండా వస్తుంది, వచ్చాక పోదు.

మర్నాడు మీటింగులో ప్రాడక్ట్ మేనేజరు చాలా తేలిగ్గా తేల్చేశాడు. "స్థలం లేదు కదా, ఈ వెర్షనుకి తెలుగు తీసేద్దాం. అయినా ఈ రోజుల్లో ప్రతి రైతు ఇంట్లోనూ ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఉంటారు. వాళ్ళు చదివి పెడతారు."

నాకు నోట మాట రాలేదు. ఆ పిల్లాణ్ణి నేనే మరి. వాదించడానికి కూడా ఏమీ లేదు. 2,312 అనే అంకె అంతకన్నా గట్టిగా వాదిస్తోంది. మా లీడు మేడం మాత్రం నా మొహం చూసి, "శుక్రవారం దాకా టైమివ్వండి, ఎక్కడైనా తగ్గుతుందేమో చూస్తాం" అంది. నాలుగు రోజులు దొరికాయి.

మొదటి సగం సులువుగానే తగ్గింది, ఆ పుణ్యం యూనికోడుది. యూనికోడులో తెలుగుకి ఇచ్చిన జాగా సరిగ్గా 128 స్థానాలు. మామూలు ఆస్కీ కూడా 128. రెండూ కలిపితే 256, అంటే ఒక్క బైటు! పై బిట్టు సున్నా అయితే ఆస్కీ, ఒకటి అయితే తెలుగు. "మోటారు" కంటికి మూడక్షరాలే అయినా లోపల ఆరు కోడ్లు. యూటీఎఫ్-8లో 18 బైట్లు, రెండు బైట్ల పద్ధతిలో 12, మన పద్ధతిలో 6. మోడెంకి పంపేటప్పుడు విప్పడానికి ఒక 40 బైట్ల కోడు చాలు. అలా 3,120 కాస్తా 1,560 అయింది. పొంగు 2,312 నుంచి 792కి దిగింది.

ఆ 792 దగ్గర బండి ఆగింది. మాటలు ఇంక తగ్గవు, తగ్గితే కోడే తగ్గాలి.

మీకు వచ్చే మొదటి సందేహం నాకు తెలుసు. "సైజు కోసం ఆప్టిమైజ్ చెయ్యమని కంపైలరుకి చెప్పారా బాబూ?" చెప్పాం. మేం వాడేది జీసీసీ, మొదటి రోజు నుంచీ మైనస్ ఓఎస్ ఫ్లాగే. వాడని ఫంక్షన్లని లింకరు ఏరి పారేసే ఏర్పాటు కూడా ఉంది. మ్యాప్ ఫైలు తెరిచి, ఫంక్షన్లని సైజు వారీగా పేర్చి రెండు రోజులు చూశా. పెద్ద దొంగ ఎక్కడా కనపడలేదు. అన్నీ ఉండాల్సినదానికన్నా కొంచెం కొంచెం లావుగా ఉన్నాయంతే. పెళ్ళి భోజనాల సీజను అయ్యాక మనుషులు ఉన్నట్టు.

బుధవారం రాత్రి విసుగొచ్చి మ్యాప్ ఫైలు మూసేసి, అసెంబ్లీ లిస్టింగు చదవడం మొదలుపెట్టా. ఒక పావుగంటకి ఎక్కడో చూసిన మొహం మళ్ళీ మళ్ళీ కనపడుతోంది అనిపించింది. ఇంటరప్టులు ఆపు, ఇండెక్సు చదువు, ఒకటి కలుపు, చివరికొస్తే సున్నా చెయ్యి, నిండిందా చూడు, రాయి, ఇంటరప్టులు వదులు. ఇంటరప్టులు ఆపే ఇన్‌స్ట్రక్షను కోసం వెతికితే అదే వరస 19 చోట్ల ఉంది. అది రింగ్ బఫర్లో ఒక బైటు వేసే ఫంక్షను. ఒక్కో కాపీ 44 బైట్లు. 19 కాపీలు అంటే 836 బైట్లు.

మరి మ్యాప్ ఫైల్లో ఎందుకు కనపడలేదు? ఇన్‌లైన్ అయిపోయిన ఫంక్షనుకి సొంత పేరుండదు. దాని బైట్లన్నీ, దాన్ని పిలిచినవాళ్ళ ఖాతాలో పడతాయి. దొంగ పేరు రేషన్ కార్డులో లేదు, పందొమ్మిది ఇళ్ళల్లో భోజనం చేస్తున్నాడు.

కంపైలరు ఇంత తెలివితక్కువ పని ఎందుకు చేసింది అని తిట్టుకుంటూ సోర్సు తెరిచా. ఫంక్షను ముందు ఫోర్స్ ఇన్‌లైన్ అనే మ్యాక్రో ఉంది. దాని లోపల జీసీసీ వాళ్ళ ఆల్వేస్ ఇన్‌లైన్ అట్రిబ్యూటు. పక్కన "పర్ఫార్మెన్స్ కోసం" అని ఒక కామెంటు. ఎవడ్రా వీడు అని గిట్ బ్లేమ్ కొట్టా.

నా పేరే వచ్చింది. మూడేళ్ళ కిందటిది.

ఇక్కడ కాసేపు కథ ఆపి అసలు విషయం చెప్పాలి. వంటవాళ్ళ పుస్తకం ఒకటి ఊహించుకోండి. "పులిహోర, 14వ పేజీ చూడు" అని ప్రతి పెళ్ళి జాబితాలోనూ ఒక ముక్క రాసుకుంటే అది ఫంక్షన్ కాల్. పులిహోర చేసే విధానం మొత్తం ప్రతి జాబితాలోనూ మళ్ళీ రాసుకుంటే అది ఇన్‌లైన్. పేజీ తిప్పే శ్రమ తప్పుతుంది, పుస్తకం లావెక్కుతుంది. అయితే ఇది అన్నిసార్లూ నిజం కాదు. విధానం "మజ్జిగలో ఉప్పు వెయ్యి" అన్నంత చిన్నదైతే, "14వ పేజీ చూడు" అని రాయడమే దానికన్నా పెద్ద. అలాంటి చోట ఇన్‌లైన్ చేస్తే పుస్తకం తగ్గుతుంది. మా కోర్‌లో కాల్ ఇన్‌స్ట్రక్షనుకే నాలుగు బైట్లు, ఆర్గ్యుమెంట్లు సర్దడానికి ఇంకో రెండో నాలుగో. దానికన్నా చిన్న ఫంక్షనుని పిలవడం దండగ.

సీ భాషలో ఇన్‌లైన్ అని రాయడం కంపైలరుకి ఒక సలహా మాత్రమే. సైజు ఫ్లాగు పెట్టినప్పుడు, కోడు పెరగదు అని తను అంచనా వేసిన చోటే జీసీసీ ఆ సలహా వింటుంది. కానీ ఆల్వేస్ ఇన్‌లైన్ అన్నామంటే సలహా కాదు, హుకుం. సైజు ఫ్లాగు ఉన్నా సరే, ఆప్టిమైజేషనే లేకపోయినా సరే, తలొంచుకుని చేస్తుంది. నేను కంపైలరు చేతులు కట్టేసి, అది సరిగ్గా పని చెయ్యట్లేదని మూడేళ్ళ తర్వాత తిడుతున్నానన్నమాట.

ఈ అలవాటు ఎక్కడిదో కూడా గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆర్మ్ వాళ్ళ సీఎంసిస్ హెడర్లు చదివా. వాటిల్లో ఎక్కడ చూసినా ఇలాంటి ఫోర్స్ ఇన్‌లైన్ మ్యాక్రోనే. పెద్దవాళ్ళు ఇలా రాస్తారు కాబోలు అనుకుని నేనూ తగిలించా. వాళ్ళు పెట్టింది ఇంటరప్టులు ఆపడం లాంటి ఒకటి రెండు ఇన్‌స్ట్రక్షన్ల పనులకి. అది మజ్జిగలో ఉప్పు. నేను పెట్టింది పదిహేను లైన్ల పులిహోరకి. లినక్స్ కెర్నెల్ కోడింగ్ స్టైల్ పత్రంలో ఈ అలవాటుని జబ్బు అనే పేరుతోనే ఒక భాగం ఉంది. మూడు లైన్లు దాటిన ఫంక్షనుకి ఇన్‌లైన్ పెట్టకపోవడం మంచిదని అందులో ఒక మోటు లెక్క చెప్పారు. అది నేను కాలేజీ రోజుల్లోనే చదివా. చదవడం వేరు, మన దాకా రావడం వేరు.

పోనీ ఆ "పర్ఫార్మెన్స్" అయినా నిజమా అని లెక్కేశా. కాల్ చేసి తిరిగి రావడానికి పదో పదిహేనో క్లాకులు, అంటే 48 మెగాహెర్ట్జ్ దగ్గర మైక్రోసెకనులో మూడో వంతు కూడా కాదు. మేం 50 హెర్ట్జ్ కరెంటు అలని ఒక్కో సైకిల్‌కి 64 సార్లు కొలుస్తాం. రెండు కొలతల మధ్య దాదాపు 312 మైక్రోసెకన్ల ఖాళీ ఉంటుంది. మూడేళ్ళుగా ఆ మూడో వంతు మైక్రోసెకనుని దాచుకుంటూ వచ్చా. దానికి బదులుగా రేపు తెలుగు తీసేయబోతున్నారు.

గురువారం ఉత్సాహంగా ఆ మ్యాక్రోని ఒక్క దెబ్బతో మామూలు ఇన్‌లైన్ చేసేశా. ఇక కంపైలరే చూసుకుంటుంది అనుకున్నా. ఒక చోట తగ్గింది, ఇంకో చోట దాదాపు 500 బైట్లు పెరిగింది! చూస్తే అది పిన్ను ఆన్ ఆఫ్ చేసే ఫంక్షను. సోర్సులో చూడ్డానికి పెద్దదే, ఏ పోర్టు, ఏ పిన్ను అని లోపల ఒక స్విచ్ ఉంటుంది. కానీ పిలిచే ప్రతి చోటా పిన్ను నంబరు స్థిరం. పులిహోర పేజీలో "పదిమందికైతే ఇంత, వందమందికైతే ఇంత, వెయ్యిమందికైతే ఇంత" అని రాసున్నా, ఈ పెళ్ళికి పదిమందే అని తెలిస్తే మనకి కావాల్సింది ఒక్క లైనే. ఇన్‌లైన్ చేస్తే స్విచ్ మొత్తం ఆవిరైపోయి రెండు మూడు ఇన్‌స్ట్రక్షన్లు మిగులుతాయి. చెయ్యకపోతే మొత్తం ఫంక్షను ఉండాల్సిందే. పైగా హెడర్లో స్టాటిక్‌గా ఉంది కాబట్టి, దాన్ని వాడిన తొమ్మిది ఫైళ్ళలోనూ తొమ్మిది కాపీలు. కంపైలరు వేసుకున్నది అంచనా మాత్రమే, ఇక్కడ అది తప్పింది. ఈ ఫంక్షనుకి ఫోర్స్ ఇన్‌లైన్ మళ్ళీ పెట్టా.

కాబట్టి గంపగుత్తగా కుదరదని అర్థమైంది. ఒక్కో ఫంక్షను మార్చడం, బిల్డు చెయ్యడం, సైజు రాసుకోవడం. రింగ్ బఫరు ఫంక్షనుని హెడర్లోంచి తీసి ఒక ఫైల్లో పడేసి మామూలు ఫంక్షను చేస్తే 636 బైట్లు మిగిలాయి. లాగులో ఈవెంటు రాసే ఫంక్షను కూడా నా చేతి చలవే, 11 చోట్ల ఉంది. దాన్నీ అలాగే చేస్తే 548. మొత్తం 1,184. నాకు కావాల్సింది 792. లింకరు కిక్కురుమనకుండా బైనరీ ఇచ్చింది. ఇంకా 392 బైట్లు చేతిలో ఉన్నాయి.

శుక్రవారం మీటింగులో అంతా చెప్పా. ఆ కోడు రాసింది ఎవరో కూడా చెప్పా. చెప్పకుండా "ఆప్టిమైజ్ చేశాం" అనేయొచ్చు, ఎవరూ అడగరు కూడా. కానీ "స్థలం లేదు" అన్న మాట ఆ గదిలో అందరూ ప్రకృతి నియమంలా తీసుకున్నారు. స్థలం లేకపోవడం కాదు, స్థలంలో నేను కూర్చుని ఉన్నా. అది చెప్పకపోతే ఇంకోసారి ఇంకేదో పోతుంది. మేనేజరు నవ్వి "సరే, తెలుగు ఉంచండి" అన్నాడు. అంతే, నిమిషంలో అయిపోయింది.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథలో నేను హీరోని. ఆగలేదుగా.

తగ్గించే రుచి మరిగాక మనిషికి చెయ్యి ఊరుకోదు. ఒకే చోట నుంచి పిలిచే ఫంక్షన్లు చాలా ఉన్నాయి, అవి స్టాటిక్ కాదు. వాటన్నిటికీ స్టాటిక్ తగిలించా. ఫైలు బయట ఎవరూ వాడరని తెలిస్తే, పైగా పిలిచేది ఒక్కసారే అయితే, జీసీసీ దాన్ని పిలిచే చోటే కలిపేసి విడి కాపీ పారేస్తుంది. ఇన్‌లైన్ అని రాయక్కర్లేదు, తనే చేస్తుంది. రెండో కాపీ ఉండదు కాబట్టి కోడు పెరగదు, కాల్ ఖర్చు మిగులుతుంది. ఇంకో 520 బైట్లు మిగిలాయి. టెస్టులన్నీ పాసయ్యాయి. ఆఫీసులో వారం రోజులు నడిపాం, ఏమీ కాలేదు. ట్రయలుకి ఒక డబ్బా మా నాన్న బోరుకి పెట్టా. పాత డబ్బా తీసేసి కొత్తది నేనే బిగించి, మొదటి తెలుగు మెసేజ్ ఆయన చదవడం చూసి హైదరాబాదు బస్సెక్కా.

పదకొండో రోజు రాత్రి రెండింటికి ఫోను. "ఏరా, నిద్రపోతున్నావా? మోటారు దానంతటదే ఆగిపోతోంది. వేస్తే మళ్ళీ పావుగంటకి ఆగుతోంది. మెసేజ్ కూడా రావట్లా." ఫేజులు మూడూ బానే ఉన్నాయి, నీళ్ళూ ఉన్నాయి. నాకు దూరం నుంచి చేసేదేమీ లేక, "దాన్ని తీసేసి పాత స్టార్టరు మీద వేసుకో నాన్నా" అన్నా. "సరేలే, నువ్వు పడుకో" అని పెట్టేశాడు. ఏ పని తప్పించడానికి ఈ డబ్బా చేశామో, ఆ పనికే మా నాన్న ఆ రాత్రి టార్చిలైటు పట్టుకుని వెళ్ళాడు. నేనేం పడుకుంటా.

జరిగింది ఇది. మెయిన్ లూపులో పనులు పంచే ఒక ఫంక్షను ఉంది. వచ్చిన మెసేజీని విడదీసే ఫంక్షనుని అదొక్కటే పిలుస్తుంది. దానికి లోపల బఫర్లు కలిపి 480 బైట్లు. విడిగా ఉన్నన్నాళ్ళూ, మెసేజ్ వచ్చినప్పుడు మాత్రమే స్టాకు మీద ఆ 480 బైట్లు తీసుకుని, పనయ్యాక ఇచ్చేసేది. నేను స్టాటిక్ పెట్టాక అది పైదాన్లో కలిసిపోయింది. దాంతో మెసేజ్ వచ్చినా రాకపోయినా, పైదాని ఫ్రేములో ఆ 480 ఎప్పుడూ ఉంటాయి. పులిహోర వండినా వండకపోయినా, ఆ గంగాళం పొద్దున్నుంచీ పొయ్యి గట్టు మీదే ఉంటే మిగతా వంటకి చోటెక్కడిది?

మా స్టాకు 1,536 బైట్లు. లాగు పేజీ నిండి పాతది చెరిపి కొత్తది మొదలుపెట్టేటప్పుడు మాత్రం కాల్స్ చాలా లోతుకి వెళ్తాయి, పైన ఇంటరప్టు కూడా వస్తే దాదాపు 1,300 పడుతుంది. ఇప్పుడు దానికి ఇంకో 480. స్టాకు హద్దు దాటి పక్కనున్న వేరియబుల్స్ మీదకి వెళ్ళిపోయింది. వాచ్‌డాగ్ రీసెట్ చేసేది, రీసెట్ అయితే జాగ్రత్త కోసం మోటారు ఆగుతుంది. లేచాక అదే లాగు పేజీ మళ్ళీ మార్చబోయి మళ్ళీ పడేది. ఆఫీసులో లాగు నిండేన్ని ఈవెంట్లు వారంలో రాలేదు. మా పొలంలో కరెంటు ఎన్నిసార్లు పోయి వస్తుందో ఆఫీసు యూపీఎస్‌కి తెలియదు కదా.

ఏ ఫంక్షను ఎంత స్టాకు తింటుందో ఫైల్లో రాసివ్వమని జీసీసీకి ఒక ఫ్లాగుంది, స్టాక్ యూసేజ్ అని. అది పెట్టి పాత బిల్డునీ కొత్త బిల్డునీ పక్కపక్కన చూస్తే, పనులు పంచే ఫంక్షను 40 నుంచి 520కి వెళ్ళింది. ఒక్క లైనులో కనపడింది. ముందే చూడొచ్చు. మెసేజ్ ఫంక్షనుకి నోఇన్‌లైన్ అట్రిబ్యూటు పెట్టా, ఖర్చు 36 బైట్లు. లినక్స్ కెర్నెల్లో సరిగ్గా ఇందుకే "స్టాకు కోసం నోఇన్‌లైన్" అనే అర్థం వచ్చే ఒక ప్రత్యేక మ్యాక్రో ఉంది. పని మామూలు నోఇన్‌లైనే, కారణం పేరులోనే ఉండాలని అలా పెట్టారు. నేనూ అలాగే పేరు పెట్టా.

అప్పటినుంచీ నేను పాటిస్తున్నవి కొన్ని. ఇన్‌లైన్ గురించి నేను రాసే ప్రతి మాట పక్కనా ఒక కారణం, ఒక అంకె ఉంటాయి. "పర్ఫార్మెన్స్ కోసం" అన్నది కారణం కాదు. "పిన్ను నంబరు స్థిరం కాబట్టి, తీసేస్తే 500 బైట్లు పెరిగింది" అన్నది కారణం. ఏ కారణమూ లేకపోతే ఏమీ రాయను, కంపైలరుకే వదిలేస్తా. ప్రతి బిల్డు చివరా ఫ్లాష్ సైజు, స్టాకు లెక్క రెండూ తెర మీద పడేలా పెట్టాం. ఫ్రేము ఒక హద్దు దాటితే కంపైలరే వార్నింగ్ ఇస్తుంది. కంపైలరు వెర్షను మార్చిన రోజున పాత అంకెలతో పోల్చి చూస్తాం. 2020లో వచ్చిన జీసీసీ 10లో, ఇన్‌లైన్ అని రాయని ఫంక్షన్లని కూడా తనంతట తాను ఇన్‌లైన్ చెయ్యడం ఓ2 లెవెల్లోకి వచ్చింది, అంతకు ముందు అది ఓ3లో ఉండేది. అంటే సోర్సులో ఒక్క అక్షరం మారకపోయినా ఇంట్లో సామాన్లు సర్దేసి ఉండొచ్చు.

ఇదంతా గిగాబైట్ల సర్వర్ల మీద పని చేసే మిత్రులకి చాదస్తంలా అనిపిస్తుందని తెలుసు. 792 బైట్లు మీకు ఒక లాగు లైను. కానీ "స్థలం లేదు", "టైము లేదు", "బడ్జెట్ లేదు" అని మీ దగ్గరా అంటారు కదా. అన్నప్పుడు ముందు పోయేది ఎవరిదో గమనించారా? ఆ గదిలో లేనివాళ్ళది. మా గదిలో రైతు లేడు. ఆ స్థలాన్ని ఎవరు వాడేస్తున్నారో లెక్క చూసే పని, గదిలో ఉన్న మనదే. నా లెక్కలో దొంగని నేనే తేలా.

కొత్త వెర్షను ఇప్పుడు బానే నడుస్తోంది. మొన్న ఒకరోజు నాన్న ఫోన్ చేశాడు. "ఒక ఫేజు రావట్లేదని మెసేజ్ వచ్చిందిరా. లైన్‌మన్‌కి చెప్పా, సాయంత్రానికి వేస్తానన్నాడు" అన్నాడు. "చదివావా?" అన్నా. "చదవక? తెలుగేగా" అన్నాడు.

తర్జుమా పని పోయాక ఆయన ఫోన్లు కొంచెం తగ్గాయి. ఇప్పుడు నేనే చేస్తున్నా.